అత్తయ్యకు నిద్రమాత్ర తెస్తున్నారా?

"రాత్రంతా కునుకు పట్టలేదమ్మా" అని అత్తగారో, అమ్మో అనగానే మందుల షాపు నుంచి ఓ మాత్ర తెప్పించేస్తాం. ఆవిడ పడుకుంటారు, మనమూ పడుకుంటాం. కానీ అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచేది ఆ మత్తులోనే కదా!

వయసు మళ్లినవారి ఒంట్లోంచి ఈ మందులు త్వరగా పోవు. డయాజెపామ్ అయితే రోజుల తరబడి ఉండిపోతుంది. తల తూలుతుంది, అడుగు తడబడుతుంది. తడి గచ్చు మీద జారితే తుంటి ఎముక విరిగి, ఆరోగ్యంగా తిరిగే మనిషి మంచాన పడతారు. ఆల్ప్రాజోలమ్, డయాజెపామ్, జోల్పిడెమ్ వంటివి మన దేశంలో 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 'తెలిసిన షాపే' అన్న మాట ఇక్కడ పనికిరాదు.

అలాగని నెలల తరబడి వేసుకుంటున్న మాత్రను ఇవాళే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి.

అసలు నిద్ర ఎందుకు పట్టడం లేదో చూశారా? మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని, సాయంత్రం ఆరింటికి కాఫీ తాగితే రాత్రికి నిద్రెక్కడిది? మోకాళ్ల నొప్పులేమో అడగండి. బీపీకి ఇచ్చిన, నీరు పోయే మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే, పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరుని కనుక్కోండి.

ఈలోగా మంచం నుంచి బాత్రూమ్ దాకా జీరో బల్బు వెలగనివ్వండి. మెలకువ రాగానే నడవకుండా, కాసేపు మంచం అంచున కూర్చోమనండి. బాత్రూమ్‌లో లోపల గడియ వేసుకోవద్దని మొహమాటపడకుండా చెప్పండి.