తాడు కట్టే ముందు తలుపు తట్టండి

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సెక్కి వరంగల్ హైవే పడితే గంట, గంటన్నరలో భువనగిరి. చిల్కానగర్‌లో గది తీసుకుని పొద్దంతా కోచింగ్, రాత్రయితే మాక్‌టెస్ట్ అంటూ గడిపేస్తున్న మీకు ఒక్క ఆదివారం అటు వెళ్లిరావడం పెద్ద ఖర్చేమీ కాదు. ఐదొందల అడుగుల ఏకశిల, దాని నెత్తిన కోట. మాలావత్ పూర్ణ రాయి ఎక్కడం నేర్చుకుంది ఇక్కడే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతో పాటు శిఖరం చేరిన ఆనంద్‌కుమార్ కూడా ఈ రాతి మీదే తర్ఫీదయ్యాడు.

ఇదంతా మీరు విన్నదే. వినని మాట ఒకటుంది. ఆ రాయి ఎక్కేవాళ్లది కాదు. అది చారిత్రక కోట. అక్కడ తాళ్లు వేలాడుతున్నాయంటే ఎవరో అనుమతి ఇచ్చారు కాబట్టే. రేపు ఏ గుంపో వచ్చి గోడకు మేకులు కొట్టి, పేర్లు చెక్కి, సీసాలు పగలగొట్టి పోయిందనుకోండి. గేటు మూసేది అందరికీ. మీ వెనకాల రావాల్సిన ఇంకో పూర్ణకు కూడా!

నగరంలోనే పడమటి వైపు చూడండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగితే, అక్కణ్నుంచి ఖాజాగూడ గుట్టలు కొద్ది దూరమే. తాడు లేకుండా, కింద మందపాటి పరుపు వేసుకుని చిన్న బండలెక్కే బౌల్డరింగ్‌కు పేరున్న చోటది. గుడి, దర్గా, గుహలు, వాటి చుట్టూ టవర్లు. ఈ రాళ్లను కాపాడమని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ ఇది, పగలగొడితే మళ్లీ మొలవదు.

అందుకే వెళ్లే ముందు అడగండి. కోట దగ్గరైతే టికెట్ కౌంటర్లో, గుట్ట దగ్గరైతే పక్కనున్న ఇళ్ల పెద్దాయన్ని. ‘తాతా, ఇక్కడ ఎక్కొచ్చా? బండి ఎక్కడ పెట్టమంటారు?’ అంటే చాలు, సగం గొడవలు అక్కడే ఆగుతాయి. దర్గా, గుడి దగ్గర చెప్పులు విప్పే చోటు ఉంటుంది కదా, దాని పక్కన స్పీకర్ పెట్టకండి. చేతికి రాసుకునే తెల్ల సుద్దపొడి మరకల్ని దిగేముందు బ్రష్‌తో తుడిచేయండి. బోల్టు కొట్టాలన్న సరదా ఉంటే ఇంట్లోనే దింపేసి రండి. పెద్ద తేనెపట్టు కనబడితే ఆ వైపు అసలు పోవద్దు, కింద పొగ పెట్టొద్దు. తాడు మీద ఉన్నప్పుడు కొండ తేనెటీగలు లేస్తే పారిపోయే దారి ఉండదు. ఇంకో సంగతి, మొదటిసారి శిక్షకుడు లేకుండా ఎక్కొద్దు. యూట్యూబ్ చూసి తాడు పట్టుకునేవాడి చేతిలో మీ ప్రాణం పెట్టకండి.

‘ఉద్యోగానికి పనికొస్తుందా?’ అని అడుగుతారు, తెలుసు. రెజ్యూమెలో ‘హాబీ’ కింద రాస్తే పెద్దగా పనికిరాదు. దీన్నే పనిగా చేసుకుంటే దారులున్నాయి. డార్జిలింగ్‌లోని హెచ్ఎంఐ, ఉత్తరకాశీలోని నిమ్‌లో బేసిక్ కోర్సు చేసి, అందులో ఏ గ్రేడ్ తెచ్చుకుంటే అడ్వాన్స్‌డ్‌కు వెళ్లొచ్చు, ఆ తర్వాత శిక్షకుల కోర్సు. ఎత్తైన భవనాలు, గాలిమరల మీద తాళ్లతో వేలాడుతూ చేసే రోప్ యాక్సెస్ పనులకు ఐరాటా సర్టిఫికెట్ అడుగుతారు. అందులో మూడు లెవెల్స్. సీట్లు, ఫీజులు, వయసు నిబంధనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మొద్దు. జియాలజీ చదివినవాళ్లయితే మీ ఉప్పల్ రోడ్డు మీదే ఎన్‌జీఆర్‌ఐ ఉంది. రాళ్లను చదవడమే అక్కడి కొలువు.

ఎండాకాలంలో వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయల్దేరండి. పది దాటితే గ్రానైట్ పెనంలా కాలుతుంది.