ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లలో సొంత డెక్కుల కూర్పు: సమీక్షా పద్ధతి - పరిశీలన

వ్యాససంగ్రహం:
ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లలో ఆటగాడు తన డెక్కును తానే కూర్చుకొని ఆటకు వస్తాడు. ఆ కూర్పుపై తోటి ఆటగాళ్లు చెప్పే అభిప్రాయం కూడా విమర్శలో ఒక శాఖే. కర్త ఉద్దేశాన్ని గుర్తించడం, లెక్కతో నిరూపించడం, తీసివేతను కారణంతో సూచించడం అనే మూడు మెట్లలో ఈ సమీక్షా పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డెక్కు, కూర్పు, సమీక్ష, ఔచిత్యం, శయ్య, సంభావ్యత.

1. ఉపోద్ఘాతం:
పేకాటలో నైపుణ్యం ఎక్కడుందన్న ప్రశ్న ఒకసారి సికింద్రాబాదు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963 మే నెలలో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవారిపై హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. 1967 నవంబరులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అప్పీలును కొట్టివేసింది. మూడుముక్కలాట కేవలం అదృష్టంపై నడుస్తుందనీ, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుంచుకోవాలనీ, ఏ ముక్కను ఉంచుకోవాలో దేన్ని వదలాలో తెలియడానికి నైపుణ్యం కావాలనీ ఆ తీర్పు సారాంశం. 2017 సవరణల తర్వాత తెలంగాణలో చట్టస్థితి మారింది. అయినా ‘ఉంచడం, వదలడం’ అనే ఆ రెండు క్రియలు మన చర్చకు మంచి ఆధారం.

2. డెక్కు కూర్పు - స్వరూపం:
రమ్మీలో అందరిదీ ఒకే పేక. ఉంచడం, వదలడం ఆట మొదలైన తర్వాతి పనులు. ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో ఈ పనిలో సగం ఇంట్లోనే జరిగిపోతుంది. ఈ ప్రక్రియకు దారి చూపిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ 1993లో వచ్చింది. దాని రూపకర్త రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందినవాడు. 1996లో జపానులో పోకెమాన్ కార్డులు వెలువడ్డాయి. మ్యాజిక్‌లో సాధారణంగా డెక్కుకు కనీసం 60 కార్డులుండాలి. పోకెమాన్‌లో సరిగ్గా 60 ఉండాలి. రెండింటిలోనూ మూలవనరులైన కార్డులను మినహాయిస్తే, ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించరాదు. మ్యాజిక్‌లోనే ‘కమాండర్’ పద్ధతిలో 100 కార్డులు, మూలవనరులు కాక మిగిలినవి ఒక్కొక్కటే ఉండాలి. వేల కార్డుల నుంచి ఈ నియమాలకు లోబడి ఎంచుకోవడమే కూర్పు. ఛందోనియమానికి లోబడి పదాన్ని ఎంచుకునే కవి పనికి ఇది దూరపు చుట్టం.

3. కర్త ఉద్దేశం - ఔచిత్యం:
సమీక్షకుడు మొదట అడగవలసిన ప్రశ్న “ఇది గెలుస్తుందా?” కాదు, “ఇది ఏం చేయాలని కూర్చావు?” అన్నది. మ్యాజిక్ రూపకర్తలలో ఒకరైన మార్క్ రోజ్‌వాటర్ 2002లో ఆటగాళ్లను టిమ్మీ, జానీ, స్పైక్ అని మూడు తరగతులుగా వివరించాడు. టిమ్మీకి ఆటలో కలిగే అనుభూతి ముఖ్యం. జానీకి తన ఊహను డెక్కు ద్వారా వ్యక్తం చేయడం ముఖ్యం. స్పైక్‌కు తన సామర్థ్యాన్ని నిరూపించుకోవడం ముఖ్యం. జానీ కూర్చిన డెక్కును స్పైక్ కొలబద్దతో కొలిస్తే అది ఎప్పుడూ తక్కువే తూగుతుంది.

కావ్యాంగాలకు విలువ వాటి ఔచిత్యం వల్లనే అని 11వ శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఈ దృష్టి ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. ఏ ఆట పద్ధతికి, ఏ ప్రత్యర్థులకు, ఎంత ఖర్చులో కూర్చారో తెలియకుండా ఒక కార్డు మంచిదనో చెడ్డదనో తేల్చడం కుదరదు. కమాండర్ డెక్కు తెచ్చినవారికి “ఈ కార్డును నాలుగు పెట్టు” అని చెప్పే సలహా నియమాన్నే ఉల్లంఘిస్తుంది.

4. లెక్క చెప్పే సాక్ష్యం:
ఉద్దేశం తెలిసిన తర్వాత దోషాన్ని అభిరుచితో కాక ఆధారంతో చూపాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థి ఇష్టమైన కార్డు దేన్నీ వదల్లేక 72 కార్డులతో మ్యాజిక్ డెక్కు కూర్చాడు. అందులో 22 ల్యాండ్ కార్డులు. మిగిలిన కార్డులను ఆడడానికి కావలసిన శక్తి ప్రధానంగా ల్యాండుల నుంచే వస్తుంది. ఆట మొదట్లో చేతికి ఏడు కార్డులు వస్తాయి. ఈ డెక్కులో ఆ ఏడింటిలో ల్యాండు ఒక్కటీ లేకపోవడమో, ఒక్కటే ఉండడమో జరిగే అవకాశం 30.5 శాతం. అంటే పది ఆటల్లో దాదాపు మూడింట ఆటగాడు ఆదిలోనే చిక్కుల్లో పడతాడు. అదే 60 కార్డుల్లో 24 ల్యాండులుంటే ఈ అవకాశం 14.3 శాతానికి తగ్గుతుంది. నాలుగు ప్రతులున్న కీలకమైన కార్డు మొదటి ఏడింటిలో ఒక్కటైనా కనిపించే అవకాశం 72 కార్డుల్లో 34.2 శాతం, 60లో 39.9 శాతం.

“కార్డులు ఎక్కువయ్యాయి” అన్న మాట అభిప్రాయంగా మిగిలిపోతుంది. ఈ అంకెలు కారణాన్ని చూపుతాయి. లెక్క రానివారికీ మార్గముంది. డెక్కును కలిపి, ఏడేసి కార్డులు ఇరవైసార్లు తీసి, ప్రతిసారీ ఎన్ని ల్యాండులు వచ్చాయో రాసుకోమంటే దోషం కర్త కంటికే కనబడుతుంది.

5. తీసివేత - శయ్య:
పై డెక్కు 60కి రావాలంటే రెండు ల్యాండులు చేర్చి, పద్నాలుగు ఇతర కార్డులు తీసెయ్యాలి. సమీక్షలో కష్టమైన భాగం ఇదే. చేర్చవలసినవి చెప్పడం సులువు. ప్రతి చేర్పుకూ ఒక తీసివేత చెప్పనివాడు సగం సలహాయే ఇచ్చినట్లు.

ఏవి తీయాలి? కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం పదాల మధ్య ఉండే పరస్పర మైత్రిని శయ్యగా గుర్తించింది. కార్డుల మధ్య కూడా ఇటువంటి మైత్రి ఉంటుంది. ‘గ్లోరియస్ ఆంథమ్’ అనే కార్డు ఆటగాడి ప్రాణులన్నిటికీ బలం పెంచుతుంది. చిన్న ప్రాణులను వరసగా దింపే డెక్కులో అది చక్కగా ఒదుగుతుంది. ‘రాత్ ఆఫ్ గాడ్’ బల్లమీదున్న ప్రాణులన్నిటినీ నాశనం చేస్తుంది. విడిగా చూస్తే అది పేరున్న కార్డే. కాని ఈ డెక్కులో అది ప్రత్యర్థి ప్రాణులతో పాటు సొంతవాటినీ తుడిచిపెడుతుంది. “ఇది మంచి కార్డు కాదు” అనడం తప్పు. “ఈ డెక్కుకు ఇది మిత్రం కాదు” అనడం ఒప్పు. అయితే కర్త ఏ కార్డు కోసం డెక్కు కూర్చాడో ఆ కార్డును తీసెయ్యమనే ముందు, దానికి తోడుగా ఏవి చేర్చవచ్చో వెతకాలి.

6. సమీక్షకుని మాట:
“ఇది పనికిరాదు, పోటీల్లో నెగ్గిన ఫలానా డెక్కును కొనుక్కో” అన్న సలహా గెలుపుకు దారి చూపవచ్చు. కాని అది సమీక్ష కాదు. ఒక కూర్పును తొలగించి మరొకదాన్ని నిలపడం. అది విన్న కొత్త ఆటగాడు సొంతంగా కూర్చడం మానేస్తాడు, లేదా ఆటే మానేస్తాడు. “నీ చిన్న ప్రాణులు మూడో వంతు నుంచే ఒత్తిడి తెస్తున్నాయి, అది నిలుపుకో. ల్యాండులు చాలక ఆగిపోతున్నావు, ముందు అది సరిచెయ్యి. మిగతావి పది ఆటలాడాక చూద్దాం” అన్న మాటలో గుణం, దోషం, క్రమం మూడూ ఉన్నాయి. ఒకేసారి పదిహేను మార్పులు చెబితే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో కర్తకు తెలియదు.

7. ముగింపు:
రమ్మీలో ఏ ముక్కను వదలాలో ఆటగాడే తేల్చుకుంటాడు. డెక్కు సమీక్షలో ఆ నిర్ణయాన్ని మరొకరు సూచిస్తారు. తీసుకోవలసింది మాత్రం కర్తయే. ఉద్దేశాన్ని అడిగి, లెక్క చూపి, తీసివేతకు కారణం చెప్పిన సమీక్ష తర్వాత కూడా ఆ డెక్కు కూర్చినవాడిదిగానే మిగలాలి. పరిశోధక విద్యార్థి చిత్తుప్రతిని చదివే పర్యవేక్షకునికీ, కొత్త కవి పద్యాన్ని దిద్దే గురువుకూ ఇదే గీటురాయి. దిద్దిన తర్వాత ఆ రచనలో ఎవరి గొంతు వినబడుతోందన్నదే దిద్దుబాటు విలువను తేల్చుతుంది.