కెమెరా చూపిన మేర, ఫిల్ము పట్టిన మేర

బడిలో సంవత్సరాంతాన తీయించుకొనే గ్రూపు ఫొటోలలో వెనుక బల్లపై నిలుచున్నవారి తలలు పైఅంచు దగ్గర తెగిపోవడం చాలామంది చూచియే ఉంటారు. తీసిన మనిషి చూడకుండా తీయలేదు గదా! అతడు చూచినప్పుడు ఉన్న తలలు ఫిల్ము మీదికి వచ్చేసరికి ఏమైనవి? ఈ ప్రశ్నకు సమాధానం పదవ తరగతి కాంతి పాఠంలోనే ఉన్నది. పెద్ద ఫిల్ము కెమెరాను ఉదాహరణగా తీసికొంటే అది మరింత తేటపడుతుంది. అందులోని ప్రతి భాగమూ చేతితో తాకి, స్కేలుతో కొలిచి చూడదగినంత పెద్దది.

ఈ కెమెరా నిర్మాణం చాల సరళం. ముందు ఒక పలక, దానికి కటకం. వెనుక ఒక చట్రం, దానిలో గరుకు అద్దం. రెండింటి మధ్య కొలిమితిత్తి వలె ముడుచుకొని సాగే నల్లని తిత్తి. ఫిల్ము చుట్ట ఉండదు. 4 × 5 అంగుళాల ఫిల్ము రేకులను ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టి వాడుతారు. ఫిల్ముకు పూర్వం ఆ స్థానంలో గాజు పలక ఉండేది.

మన ప్రాంతంలో ఈ గాజు పలకల పనికి పెట్టింది పేరు రాజా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, 1905లో మరణించినాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి. ఆ కాలపు పద్ధతి ఇది: తలపై నల్లగుడ్డ కప్పుకొని, గరుకు అద్దంపై తలక్రిందులుగా పడిన ప్రతిబింబాన్ని చూచి, దృశ్యం అమరిన తరువాత కటకాన్ని మూసి, గాజు పలక పెట్టెను వెనుక చట్రంలో చొప్పించడం. పెట్టె చొప్పించిన క్షణం నుండి ఛాయాచిత్రకారునికి ఏమీ కనబడదు. అంతకు ముందు చూచినదానినే నమ్ముకొనవలెను.

ఆ నమ్మకానికి గట్టి ఆధారం ఉన్నది. గరుకు అద్దంపై పడేది నిజ ప్రతిబింబం. ఫిల్ముపై పడబోయేది కూడ అదే. కటకమూ అదే, స్థానమూ అదే. ఇంతకంటె నమ్మదగిన వ్యూఫైండరు లేదనియే నా అభిప్రాయం. అయినను రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, 4 × 5 అంగుళాలంటే 102 × 127 మిల్లీమీటర్లు. కాని ఫిల్మును పట్టి ఉంచే పెట్టె అంచులు నాలుగు వైపులా కొంత కప్పివేస్తవి. వెలుగు సోకేది సుమారు 95 × 120 మి.మీ. మేర మాత్రమే. అనుభవజ్ఞులు గరుకు అద్దంపై ఈ మేరను పెన్సిలుతో గీసికొంటారు.

రెండవది మరింత చిత్రమైనది. అద్దంలో గరుకు ముఖం కటకం వైపు ఉండవలెను. పగిలిన అద్దాన్ని మార్చేటప్పుడు పొరబాటున నునుపు ముఖాన్ని కటకం వైపు పెట్టినారనుకొనుడు. అద్దం మందం 2 మి.మీ., వక్రీభవన గుణకం 1.5 అయితే గరుకు ముఖం 2 మి.మీ. వెనుకకు పోయినది, గాజు గుండా వచ్చుటచే ప్రతిబింబం 0.67 మి.మీ. మాత్రమే వెనుకకు జరిగినది. మిగిలిన 1.33 మి.మీ. తేడా ఫిల్ముపై పడుతుంది. కటకద్వారాన్ని ఎఫ్/22కు తగ్గించి తీస్తే ఈ లోపం బయటపడదు. ఎఫ్/5.6 వద్ద అర మిల్లీమీటరు తేడాకే బొమ్మ మసకబారుతుంది. కనుక ఆరుబయట ఎండలో చక్కగా వచ్చిన కెమెరా గదిలో తీసిన ముఖచిత్రాలను పాడుచేస్తుంటే, ముందుగా అనుమానింపవలసినది ఈ అద్దాన్నే.

మరి వేరే వ్యూఫైండర్లు ఎందుకు వచ్చినవి? కదిలే మనుషులను తీయుటకు నల్లగుడ్డ పనికిరాదు. అమెరికాలో 1912 నుండి 1973 వరకు తయారైన స్పీడ్ గ్రాఫిక్ వంటి పత్రికల కెమెరాలకు పైన తీగచట్రమో, ప్రత్యేకమైన చిన్న వ్యూఫైండరో అమర్చినారు. చిక్కు అక్కడ మొదలైనది. కన్ను ఒకచోట, కటకం మరొకచోట!

వ్యూఫైండరు కటకానికి 8 సెంటీమీటర్లు పైన ఉండి, రెండింటి అక్షాలు సమాంతరంగా ఉన్నవనుకొందము. అప్పుడు వ్యూఫైండరు చూపే మేర ఎంత దూరంలోనైనా సరిగా 8 సెం.మీ. పైకే ఉంటుంది. నాభ్యంతరం 150 మి.మీ. గల కటకానికి 10 మీటర్ల దూరంలో ఫిల్ము పట్టే ఎత్తు సుమారు 6.2 మీటర్లు, అందులో 8 సెం.మీ. లెక్కలోనిది కాదు. అదే ఒక మీటరు దూరంలో పట్టే ఎత్తు 54 సెం.మీ. మాత్రమే. 8 సెం.మీ. అంటే అందులో ఏడవ వంతు! ముఖచిత్రంలో నుదురు ఎగిరిపోవుటకు అది చాలును. దీనికే పారలాక్స్ అని పేరు.

వ్యూఫైండరును కొద్దిగా క్రిందికి వంచి, రెండు అక్షాలూ వస్తువు దగ్గర కలిసేటట్లు చేయవచ్చును. మంచి కెమెరాలలో ఆ ఏర్పాటు ఉన్నది. అయితే అంచులు సరిపోయినంత మాత్రాన చూపు సరిపోదు. వ్రేలిని కంటికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి మరొకటి తెరచి చూచిన విద్యార్థికి ఇది చెప్పనక్కరలేదు. మనిషి వెనుకనున్న స్తంభం వ్యూఫైండరులో తలపై మొలిచినట్లున్నా, ఫిల్ముపై తల వెనుక దాగిపోవచ్చును.

ఇంకొక లోపం కూడ ఉన్నది. దీనిని చాలామంది పట్టించుకొనరు. దగ్గరి వస్తువు కొరకు తిత్తిని సాగదీసినకొద్దీ కటకం ఫిల్ముకు దూరమై, పట్టే మేర తగ్గుతుంది. ఒక మీటరు దూరపు వస్తువుకు కటక సూత్రం ప్రకారం ప్రతిబింబ దూరం 176 మి.మీ. అప్పుడు ఫిల్ము పట్టే వెడల్పు 68 సెం.మీ. అనంత దూరానికి సరిచేసిన వ్యూఫైండరు మాత్రం 80 సెం.మీ. చూపుతుంది. ఇక మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయ గోపురం వంటి కట్టడాలను తీసేటప్పుడు గోడలు వాలిపోకుండా కటకపు పలకను పైకి జరుపుతారు. 20 మి.మీ. జరిపితే 30 మీటర్ల దూరంలో దృశ్యం 4 మీటర్లు పైకి పోతుంది. వ్యూఫైండరుకు ఆ సంగతే తెలియదు!

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిగినవి. తరువాత ఆ లోయ జలాశయంలో మునిగినది. కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి నిలిపినారు. మునిగిన మిగతా చోట్లకు నాటి ఫొటోలు, పటాలు, వ్రాతలే సాక్ష్యం. తవ్విన గోడ ప్రక్కన పరిమాణం తెలియుటకు కొలబద్ద నిలిపి ఫొటో తీస్తారు. ఆ కొలబద్ద వ్యూఫైండరులో కనబడి ఫిల్ముపై తెగిపోతే మళ్ళీ వెళ్ళి తీయుటకు ఆ స్థలం ఉండదు.

వెల లేని వ్యూఫైండరు ఒకటి తరగతిలోనే చేసికొనవచ్చును. మన మార్కాపురం పలకలు దేశమంతటా తెలిసినవే. పలక పగిలి మిగిలిన చెక్క చట్రానికి లోపల అట్టముక్కలు అంటించి ఖాళీని 19 × 24 సెం.మీ. చేయుడు. ఇది ఫిల్ము మేరకు సరిగా రెట్టింపు. కనుక కంటి నుండి నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో, అనగా 150 మి.మీ. కటకానికి 30 సెం.మీ. దూరంలో పట్టుకొని ఒంటికంటితో చూస్తే కెమెరా పట్టే మేర కనబడుతుంది. కన్ను కటకం ఉండబోయే చోటనే ఉంచితే పారలాక్స్ కూడ ఉండదు. ఒక మీటరు దూరపు వస్తువైతే 35 సెం.మీ. దూరంలో పట్టవలెను. చిన్న అట్టతో అసలు పరిమాణంలోనే చేయవచ్చును గాని, 15 సెం.మీ. దగ్గర అంచు మసకగా కనబడుతుంది. ఎండలో కంటిపాప 2 మి.మీ. ఉంటుంది గనుక ఆ మసక కూడ అంతే, 120 మి.మీ. అట్టలో అది ఎక్కువ, 240 మి.మీ. చట్రంలో సగమే.

చట్రానికి దారం కట్టి 18, 30, 60 సెం.మీ. దగ్గర ముడులు వేసి, దారం కొసను కాక ముడిని కంటి క్రింద ఆనించవలెను. 90, 150, 300 మి.మీ. కటకాలకు అవి సరిపోవును. కనిగిరి ఊరిలో నిలిచి కొండ వైపు చూస్తూ ముడులు మార్చిన విద్యార్థికి, మొదటి ముడి వద్ద చట్రంలో ఎంతో చోటు మిగిల్చి చిన్నదిగా కనబడిన కొండభాగమే మూడవ ముడి వద్ద మూడు రెట్లకు పైగా చోటు ఆక్రమించడం కనబడుతుంది. మూడవ ముడికి చేయి పూర్తిగా చాపవలెను. పొట్టి చేతులవారికి తోటి విద్యార్థి చట్రం పట్టుకొని నిలువవలసి వచ్చును.