క్రొత్త ఫైలును పాత కంప్యూటరు చదువలేకపోవుట యేల?

దరఖాస్తుల కాలము వచ్చినదన్న నొక ఫిర్యాదు తప్పక మా చెవిని బడుచుండును. భద్రాచలములోనో కొత్తగూడెములోనో క్రొత్త కంప్యూటరుమీఁద టైపు చేయించిన పత్రమును పెన్ డ్రైవులో వేసికొని, విద్యార్థి తన యూరికి దగ్గఱనున్న చిన్న దుకాణమునకు పోవును. అచ్చటి పాత యంత్రములో నా ఫైలు తెఱచుకొనదు. తెఱచుకొన్నను అక్షరములకు మాఱుగా అర్థములేని గుర్తులు పుటలకొలఁది కనఁబడును. "ఫైలు చెడిపోయినది, మరల టైపు చేయింపవలెను" అని దుకాణదారుఁడు తేల్చివేయును. మరల టైపు కూలి, మరల బస్సు చార్జీ. ఈలోపల గడువు దాఁటిపోవును. రోజుకూలితో బిడ్డను చదివించుకొను తండ్రికి ఇది చిన్న నష్టము కాదు. కాని పెక్కు సందర్భములలో ఆ ఫైలు చెడియే యుండదు.

అసలు సంగతి యిది. మైక్రోసాఫ్టువారి వర్డు 1997 మొదలు 2003 వఱకు వెలువడిన కూర్పులన్నియు ఒకే విధమైన ఫైలును వ్రాయుచుండెను. దాని పేరు తుదను డి, ఓ, సి అను మూఁడు రోమను అక్షరములుండును. 2007 కూర్పుతో ఆ సంస్థ పద్ధతి మార్చి, తుదను "ఎక్స్" అను నాలవ యక్షరమును చేర్చెను. చేరినది ఒక్క యక్షరమే యైనను లోపలి కట్టడమంతయు వేఱు. పాతది యంత్రము మాత్రమే చదువఁగల గుర్తుల ముద్ద. క్రొత్తది నిజమునకొక మూట. మాటలొక ఫైలులోను, అక్షరముల యాకారము పరిమాణము మొదలగు వివరములు వేఱొక ఫైలులోను, బొమ్మలు మఱియొక సంచిలోను ఉంచి, అన్నిటిని జిప్ అను పద్ధతిని అదిమి కట్టుదురు. పాత వర్డునకు ఈ మూట విప్పుట తెలియదు. తెలియక మూటమీఁది గుడ్డనే చదువఁబూనును. ఆ పిచ్చి గుర్తులు అందుచేతనే. శ్రద్ధగా చూచినచో వాని మొదట పి, కె అను రెండు రోమను అక్షరములు కనఁబడును. 1989లో జిప్ పద్ధతిని కల్పించిన ఫిల్ కాట్జు అను అమెరికా దేశీయుని పేరులోని మొదటి యక్షరములవి. అవి కనఁబడినచో లోపము ఫైలుది కాదు, యంత్రపు పాతదనమే యని చాలవఱకు నిశ్చయింపవచ్చును.

కొందఱు పేరు తుదనున్న "ఎక్స్"ను చెఱిపివేసి పాత వర్డును మోసపుచ్చఁజూతురు. ఆముదపు సీసాకు తేనె యని చీటి యంటించినట్లే యిది. మఱియొక మార్పు మాత్రము పనికివచ్చును, ఏలయన అది అబద్ధము కాదు. ఫైలునకు నకలు తీసి, ఆ నకలు పేరు తుదను "జిప్" అని మార్చినచో, విండోసు ఎక్స్‌పి మొదలుకొని తరువాతి విండోసు యంత్రములన్నియు దానిని విప్పి చూపును. లోపల "వర్డ్" అను పేరి సంచి, ఆ సంచిలో "డాక్యుమెంట్" అను ఫైలు ఉండును. దానిని బ్రౌజరులో తెఱచినచో కోణపు గుర్తుల నడుమ మన వాక్యములు కనఁబడును. అవి అచ్చటచ్చట తునుకలై యుండును, అందము పోవును. కాని మాటలు దక్కును. వానిని నకలు చేసి అతికించుకొన్నచో మరల టైపు కూలి తప్పును. మన పై తరగతుల విద్యార్థులు ఒకసారి దీనిని స్వయముగా చేసి చూచిరేని, మేము నల్లబల్లమీఁద చెప్పినదానికంటె ఎక్కువ గ్రహింతురు.

అయితే ఇంత శ్రమ ఆపదలోనివారికే. మొదటనే జాగ్రత్తపడఁదగినవాఁడు పంపువాఁడు. క్రొత్త వర్డులో "సేవ్ యాజ్" అనుచోట "వర్డు 97-2003 డాక్యుమెంటు" అను పద్ధతి నేఁటికిని కలదు. దానిని ఎన్నుకొన్నచో పాత యంత్రము సుఖముగా చదువును. ఇందులకు కొంత మూల్యము చెల్లింపవలెను. గణిత సమీకరణములు బొమ్మలుగా మాఱిపోవును. పాత యంత్రమున వానిని దిద్దుటకు వీలుండదు. రంగురంగుల పటముల గతియు నంతే. కాఁబట్టి అసలు ఫైలును ముట్టక, వేఱొక పేరుతో పాత పద్ధతి నకలు తీయవలెను. అసలుమీఁదనే వ్రాసివేసినవారు తరువాత విచారింతురు.

పాత యంత్రము గలవారికి మైక్రోసాఫ్టువారు ఒకప్పుడు క్రొత్త ఫైలులను చదివించు అనుబంధమును ఉచితముగా నిచ్చిరి. 2018లో దానిని ఉపసంహరించుకొనిరి. వర్డు 2003కును, విండోసు ఎక్స్‌పికిని సంస్థవారి సహాయము 2014 ఏప్రిల్ 8తోనే ముగిసినది. ఇప్పుడు మిగిలిన తెఱవు లిబ్రె ఆఫీసు అను ఉచిత సాఫ్టువేరు. ఎక్స్‌పి యంత్రమునకు దాని 5.4 కూర్పే కడపటిది. అంతకు పై కూర్పులు అందు పనిచేయవు. ఇంకొక విచిత్రము చూడుఁడు. దుకాణములోని కంప్యూటరుకంటె విద్యార్థి తండ్రి చేతిలోని ఫోను క్రొత్తదై యుండుట మనము నిత్యము చూచుచున్నాము! ఆ ఫోనులోని గూగుల్ డాక్సు క్రొత్త ఫైలును తెఱచి, పి.డి.ఎఫ్. గా మార్చి యిచ్చును. అచ్చు తీయించుటకు అదియే చాలును.

తెలుఁగు వ్రాఁతకు వేఱొక చిక్కు గలదు. ఫైలు తెఱచుకొన్నను లిపి రాకపోవచ్చును. అను లిపులలో టైపు చేసినది, ఆ ఫాంటు లేని యంత్రమున రోమను అక్షరముల గందరగోళముగా కనఁబడును. అక్షరములు అందు రోమను స్థానములలోనే దాచఁబడియుండుట దీనికి కారణము. యూనికోడులో తెలుఁగునకు ప్రత్యేక స్థానములు గలవు. కాని అవియు ఒక్కనాఁడే పూర్తికాలేదు. పాత అచ్చుపుస్తకములలో మనము చూచు నకారపొల్లునకు 2021లో గాని అందు స్థానము దొరకలేదు. అంతకు ముందటి ఫాంటులలో దానికి రూపము లేనందున ఖాళీ చతురము కనఁబడును. అవ్వ నోట విన్న కోయపాటలను తెలుఁగు లిపిలో వ్రాసికొను విద్యార్థులు మనలో నున్నారు. అట్టి పాట యొకసారి పోయినచో మరల చెప్పుటకు ఆ యవ్వ యుండకపోవచ్చును. వారు తప్పక యూనికోడులోనే టైపు చేసి, పి.డి.ఎఫ్. నకలు నొకటి, కాగితముమీఁది ప్రతి నొకటి దాచుకొనవలెను. మా మట్టుకు మాకు కాగితముమీఁదనే నమ్మక మెక్కువ.

ఫైలును ఉచితముగా మార్చియిత్తుమని ఇంటర్నెట్టులో చెప్పుచోట్లు అనేకములు. కథయో వ్యాసమో అయినచో సరియే గాని, ఆధారు సంఖ్యయు, కులధ్రువీకరణమును, బ్యాంకు ఖాతాయు గల పత్రమును ఎవరో తెలియనివారి చేతికిచ్చుట తగదు.

ఈ పత్రికకు రచనలు పంపువారు యూనికోడులో టైపు చేసి, ఫైలును రెండు పద్ధతులలోను పంపిన మాకు సౌకర్యము. కంప్యూటరు దొరకనివారు రూళ్ల కాగితముమీఁద ఒకవైపుననే సిరాతో వ్రాసి యీయవచ్చును. మేము టైపు చేయించుకొందుము.