ఇంజనుకా తీరువా, నీళ్లకా?

ఆత్మకూరు నుంచి ఒకావిడ ఫోను చేసింది. ఈ ఏడాదిలో ఇలాంటిది మూడోది. “సార్, మా వాడు ఇంగ్లండులో చదువుకుంటా ఉండాడు. టీవీ లైసెన్సు లేదని వాడి రూముకి జాబొచ్చిందంట. కోర్టని కూడా రాసుండాదంట. ఆ రూములో టీవీనే లేదు సార్!” అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, గొంతు తగ్గించి, “మరి మనింట్లో రెండు టీవీలుండాయి. మనకేం కాదు గదా?” అనడిగింది.

ఏం కాదమ్మా. ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ, దేశంలో ఏ మూలన గానీ, ఇంట్లో టీవీ పెట్టుకుని చూడడానికి లైసెన్సు అక్కర్లేదు. ఒకటున్నా పదున్నా అంతే. ఈ ముక్కతో వ్యాసం అయిపోవాలి. కానీ అయిపోనివ్వరు. అరుగు మీది పెద్దాయన “ఒకప్పుడుండేది, ఇప్పటికీ ఉంది, అడిగేవాడు లేడంతే” అంటాడు. ఆయన మనవడేమో “రేడియోకి లైసెన్సేంది తాతా, మరీ చెప్తావు” అని నవ్వుతాడు. ఇద్దరిదీ తప్పే. తాత చెప్పింది నలభై ఏళ్ల కిందటి మాట. మనవడు ఆ లైసెన్సు పుస్తకాన్ని కళ్లతో చూడలేదు.

నేను చూశాను. మా నాయన ట్రంకుపెట్టెలో, పొలం కాగితాల కింద ఉండేది. అట్ట మూలలు చెదలు కొట్టేసింది. మొదటి పేజీలో ఆసామి పేరు, ఊరు, రేడియో వివరం. ఆ తర్వాతి పేజీల్లో ఏడాదికొకటి చొప్పున అంటించిన స్టాంపులు, ఒక్కోదాని మీద పోస్టాఫీసు గుండ్రటి ముద్ర. ఒక ఏడు మాత్రం గడి ఖాళీ. ఆ ఏడు వానల్లేవనీ, రేడియోను అటక మీద వామిగడ్డి కింద దాచామనీ అమ్మ చెప్పేది. వార్తల వేళకు దించడం, వీధిలో కొత్త మనిషి కనబడితే మళ్లీ ఎక్కించడం. రేడియోకి ఏడాదికి 15 రూపాయలు, టీవీకి 50. కట్టేది పోస్టాఫీసులోనే. తనిఖీకి వచ్చే మనిషికి పుస్తకం చూపించలేకపోతే జరిమానా, కాదంటే పెట్టెనే ఎత్తుకుపోయే అధికారం.

దీని వెనకున్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. రెండోదాంట్లో ఒక మాట జాగ్రత్తగా చదవాలి. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం *దగ్గర ఉంచుకోకూడదు* అంటుందది. విన్నావా, చూశావా అనడగదు. నీ ఇంట్లో ఉందా లేదా అన్నదే దాని ప్రశ్న. రేడియోలో ఏమీ పలక్కపోయినా, బ్యాటరీలు అయిపోయి మూలన పడున్నా, చట్టం దృష్టిలో ఒకటే.

దీన్ని కాలువ నీళ్లతో పోల్చి చెప్పనివ్వండి. సోమశిల కాలువ గట్టున ఒక రైతున్నాడనుకుందాం. (ఉదయగిరి మెట్టవాళ్లు నవ్వకండి, కాలువ ఏ రంగులో ఉంటుందని అడక్కండి, పోలిక కోసమే.) అతని ఇంట్లో ఒక ఆయిలింజనుంది. సర్కారు అతని దగ్గర డబ్బు మూడు దారుల్లో రాబట్టవచ్చు. ఇంజనుంది కాబట్టి కట్టు అనవచ్చు. నీళ్లు తోడావు కాబట్టి కట్టు అనవచ్చు. నీ పొలం ఆయకట్టులో ఉంది, తోడినా తోడకపోయినా కట్టు అనవచ్చు. మన పాత చట్టం మొదటి రకం. ఇంజనుకే తీరువా.

1980ల నడుమ ఈ రుసుములు రెండూ ఎత్తేశారు. పదిహేను రూపాయల కోసం కొండ కింది పల్లెకు మనిషిని నడిపిస్తే వచ్చేదెంత, దారి ఖర్చెంత అని ఎవరైనా లెక్క వేసి ఉంటారని నా నమ్మకం. దూరదర్శన్‌కు 1976 నుంచే వ్యాపార ప్రకటనల డబ్బు వస్తోంది, మిగతాది సర్కారు పెట్టుకుంది. 1987 జనవరిలో రామాయణం సీరియల్ మొదలయ్యేసరికి లైసెన్సు గొడవే లేదు. ఆదివారం పొద్దున టీవీకి దండ వేసి కొబ్బరికాయ కొట్టిన ఇళ్లున్నాయి గానీ పుస్తకం చూపించమన్న మనిషి లేడు. ఆ పాత చట్టాల స్థానంలో పార్లమెంటు 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. పెద్దాయనా, వింటున్నారా?

“అయితే నెలనెలా కేబులాయనకు కడుతున్నదేంది?” అని మీరడుగుతారు. అది సరుకు ధర. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన లెక్కలో చానెళ్లు ఇంటికి చేర్చే రుసుము 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 153 రూపాయల 40 పైసలు. పే చానెళ్ల ధర దీనికి అదనం. 2024లో ఆ 130 గరిష్ఠ పరిమితిని కూడా తీసేశారు. కట్టకపోతే బొమ్మ ఆగిపోతుంది, అంతే. నేరం కాదు, కోర్టు లేదు. లైసెన్సులాంటి కాగితం కావలసింది ఆ కేబులాయనకు. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ప్రకారం ఆయన రిజిస్టరు కావాలి. చాలాకాలం ఆ రిజిస్ట్రేషను కూడా హెడ్ పోస్టాఫీసులోనే జరిగేది. 2025 జనవరి నుంచి నేరుగా కేంద్ర సమాచార ప్రసార శాఖ వెబ్‌సైటులో, అయిదేళ్లకు ఒకసారి. అంటే మన ఇంట్లోంచి వెళ్లిపోయిన తర్వాత కూడా లైసెన్సు మరో ముప్పై ఏళ్లు పోస్టాఫీసు గుమ్మంలోనే కూర్చుందన్నమాట. టీ హోటల్లో గిరాకీ కోసం పాటలు వేసేవాళ్ల సంగతి వేరు. అది కాపీరైటు చట్టం, ఇక్కడ వద్దు.

సెట్‌టాప్ బాక్సు వచ్చినప్పుడు కూడా ఇదే పుకారు లేచింది, “ఇదే మళ్లీ లైసెన్సు” అని. పల్లెలకు గడువు 2017 మార్చి 31. అప్పుడు సమాచార ప్రసార శాఖ మంత్రి వెంకయ్య నాయుడు. 1978లోనూ 1983లోనూ ఉదయగిరి గెలిపించి అసెంబ్లీకి పంపిన మనిషే. అయినా మా వాళ్లు, “ఆయన మనూరాయనే గదా, అడిగి చూడండి” అన్న మాటను పక్కనపెట్టి, బాక్సులో కెమెరా ఉందనే కథనే నమ్మారు.

ఒక్క రూపాయి నెలసరి లేకుండా చూసే దారి కూడా ఉంది. దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైంది. డిష్షు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే సరి. ఇక్కడ నా పాత పిచ్చి ఒకటి బయటపెట్టాలి. యాంటెన్నాలంటే నాకు ప్రాణం. పొడుగాటి ఇనుప గొట్టానికి అల్యూమినియం పుల్లలు అడ్డంగా బిగించి మిద్దె మీద నిలబెట్టేవాళ్లం, గుర్తుందా? ఒకరు పైన తిప్పుతుంటే కిందనుంచి “వచ్చింది… పోయింది… ఆగరా, ఆడనే ఆగు!” అని కేకలు. ఆ పుల్లల వరసను 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు కనిపెట్టారు. ఉదా పని ఎక్కువ, పేరు మాత్రం యాగీకి ఎక్కువ దక్కింది. టీవీ తరంగాలు ఎండలాగా సూటిగా పోతాయి గాబట్టి మూడు వేల అడుగుల ఉదయగిరి దుర్గం లాంటి కొండ అడ్డమొస్తే వెనక నీడ పడుతుంది. ఆ నీడలో ఎంత తిప్పినా చుక్కలే. డిష్షుకు ఆ బాధ లేదు, అది నెత్తి మీదికి చూస్తుంది.

ఎటువైపు చూస్తుందో తెలుసా? మొన్న ఒక మిత్రుడు కొత్త టీవీ కొని, ఏ మూలన పెట్టాలో వాస్తు పండితుణ్ణి అడిగాడు. టీవీ అగ్నితత్వమట, ఆగ్నేయంలో పెట్టమన్నాడట. మావాడు బిల్లు అడగడం మరిచిపోయాడు గానీ మూల మాత్రం కొలిచి మరీ పెట్టాడు. తమాషా ఏమంటే, ఫ్రీ డిష్‌ను పంపే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖ పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఉదయగిరి ఉన్నది 79 డిగ్రీల పైచిలుకు దగ్గర, రేఖకు 15 డిగ్రీలు ఉత్తరాన. లెక్క కడితే మన డిష్షు చూడవలసింది దక్షిణానికీ తూర్పుకీ సరిగ్గా నడుమ. ఆగ్నేయమే! వాస్తు వల్ల కాదు, త్రికోణమితి వల్ల. అదే డిష్షును గువాహటి మిద్దె మీద పెడితే దాదాపు నేరుగా దక్షిణానికి తిరుగుతుంది. అక్కడ అగ్నితత్వం ఏమైనట్టు?

సరే, ఆ అబ్బాయి జాబు దగ్గరికి వద్దాం. బ్రిటన్‌ది రెండో రకం, నీళ్లకు తీరువా. అక్కడ ఇంట్లో టీవీ ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. నడుస్తున్న ప్రసారాన్ని అది నడుస్తుండగానే చూస్తున్నావా, రికార్డు చేస్తున్నావా అన్నదే ప్రశ్న. టీవీలో చూసినా, ల్యాప్‌టాప్‌లో చూసినా, సెల్‌ఫోనులో చూసినా లైసెన్సు కావాలి. పారే కాలువలో బకెట్టు ముంచినా చెంబు ముంచినా తీరువా తీరువాయే. చెరువులో నిలవున్న నీళ్లు, అంటే ప్రసారం అయిపోయాక తీరిగ్గా నెట్‌ఫ్లిక్సులోనో యూట్యూబులోనో చూసుకునేవి, వాటికి అక్కర్లేదు. ఒక్క చెరువుకు మాత్రం మినహాయింపు లేదు, బీబీసీ వాళ్ల ఐప్లేయరు. అందులో పాత కార్యక్రమం చూసినా కట్టవలసిందే.

మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. “నేను బీబీసీ చూడను, తెలుగు చానెలే చూస్తాను” అంటారు. చానెల్ ఏ దేశానిదైనా, ఏ భాషదైనా, నడుస్తుండగా చూస్తే లైసెన్సు కావాలి. ఐపీఎల్ మ్యాచ్ టీవీలో వస్తుండగానే ఫోనులో చూస్తే కావాలి. రేపు హైలైట్స్ చూస్తే అక్కర్లేదు. కాలువ పెన్నదైనా కృష్ణదైనా తీరువా మాత్రం ఒకే ఆఫీసుకు. ఇక్కడికి నా పోలిక తెగింది, ఒప్పుకుంటాను. ఏ రైతూ పక్క జిల్లా కాలువ నీళ్లకు ఈ జిల్లాలో కట్టడు.

ఖరీదు తక్కువేం కాదు. 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. మన డబ్బులో 20 వేలకు అటూ ఇటూ. బ్లాక్ అండ్ వైట్ టీవీకి అప్పుడు 58.50 పౌండ్లు. అవును, ఇంకా ఉంది. అందరూ కలిసి ఒకే ఒప్పందం మీద ఇల్లు అద్దెకు తీసుకుంటే ఇంటికంతా ఒకటే చాలు, గదికో ఒప్పందం రాసుకుంటే గదికొకటి. అమ్మానాన్నల ఇంటికి లైసెన్సుంటే, చదువు కోసం వేరే ఊళ్లో ఉన్న పిల్లవాడు ఛార్జరు గుచ్చకుండా బ్యాటరీ మీద నడిచే ఫోనులో చూసుకోవచ్చనే వింత వెసులుబాటు కూడా ఉంది. ఆత్మకూరు అమ్మానాన్నలకు లైసెన్సే లేదు కాబట్టి మనవాళ్లకు పనికిరాదు.

ఆ జాబు ఒకరి పేరు మీద రాదు. “లీగల్ ఆక్యుపయర్” అని వస్తుంది, అంటే ఆ చిరునామాలో ఉండేవారికి అని. లైసెన్సు లేని చిరునామాలన్నిటికీ పంపిస్తారు. బెదరక్కర్లేదు, అలాగని చెత్తబుట్టలో వెయ్యకూడదు. లైసెన్సు అక్కర్లేని పద్ధతిలో చూస్తుంటే ఆ మాటే వాళ్ల వెబ్‌సైటులో నమోదు చేస్తే సరిపోతుంది. తలుపు తట్టిన ఉద్యోగిని కోర్టు వారంటు లేకపోతే లోపలికి రానివ్వనక్కర్లేదు. కానీ లైసెన్సు కావలసిన పద్ధతిలో చూస్తూ దొరికితే మాత్రం అక్కడది నేరమే, జరిమానా వెయ్యి పౌండ్ల దాకా.

మూడో రకం జర్మనీ. 2013 నుంచి ఇంటికింత అని వసూలు, నెలకు 18.36 యూరోలు. టీవీ ఉన్నా లేకపోయినా, చూసినా కళ్లు మూసుకున్నా. ఆయకట్టులో ఇల్లుంటే చాలు. అక్కడ చదివే మన పిల్లలు దీని మీద వాదించి సమయం పాడుచేసుకోకుండా, గది పంచుకునేవాళ్లతో వాటా వేసుకోవడం మేలు.

నేనడిగిందల్లా ఆవిణ్ణి, “అబ్బాయి మ్యాచులు నడుస్తుండగా చూస్తాడామ్మా, అయిపోయాక చూస్తాడా?” అని. రెండు రోజులకు మళ్లీ ఫోను చేసింది. “నడుస్తుండగానే చూస్తాడంట సార్, స్కోరు తెలిశాక ఇంకేం చూసేది అంటాడు.” వాడు కట్టాలి. మీరు మాత్రం, ఇంటికొచ్చి టీవీ లైసెన్సు రసీదు రాస్తానన్నవాడికి గానీ, ఫోనులో లింకు పంపి కట్టమన్నవాడికి గానీ ఒక్క పైసా ఇవ్వకండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చెయ్యండి.