అలలపై తేలు పలకలు, వాని మన్నిక

మన ఇచ్చోడకు సముద్రము మిక్కిలి దూరము. అయినను విశాఖపట్టణము చెంతనున్న ఋషికొండ తీరమున యువజనులు సర్ఫ్‌బోర్డు అను పలకపై నిలిచి, కెరటముతో గూడ ఒడ్డునకు జారి వచ్చెడి చిత్రములను పత్రికలలో చూచుచున్నాము. ఆ పలక దేనితో చేయబడును, ఏది చిరకాలము మన్నును అను సంగతి నిచ్చట వివరింప దలంచితిమి.

పలకకు రెండు గుణములు కావలెను: చక్కగా తేలునట్టి తేలికదనము, కెరటపు దెబ్బ కోర్చునట్టి గట్టిదనము. ఇవి రెండును ఒకే వస్తువునందు దొరకుట అరుదు. ఒక ఘన మీటరు నీరు 1000 కిలోలు తూగును. మన అడవుల టేకు అంతే పరిమాణమునకు సుమారు 650 కిలోలు. మన్నికగలదే కాని బరువు. మన బూరుగునకు చుట్టమైన దక్షిణ అమెరికా బాల్సా కొయ్య సుమారు 160 కిలోలే. కాని మెత్తనిది, నీటిని పీల్చును.

పూర్వము హవాయి ద్వీపవాసులు కోవా, విలివిలి మ్రాకులతో పలకలు చెక్కి, నూనె పూసి, వాడిన పిమ్మట ఆరబెట్టి, నారబట్టలో చుట్టి దాచుచుండిరి. మన కోస్తా జాలరులు కొయ్య తెప్పలను ఇసుకపైకి లాగి ఆరనిచ్చుటయు నిందులకే. కొయ్య ఆయువు యజమాని శ్రద్ధ ననుసరించి యుండును.

1932లో టామ్ బ్లేక్ అను అమెరికా దేశస్థుడు బోలు పలకకు పేటెంటు పొందెను. బరువు తగ్గెను గాని అతుకులగుండ నీరు చొరుచుండెను. 1940వ దశాబ్దమున గాజునార తొడుగు వచ్చెను. 1950వ దశాబ్దపు చివర పాలియురిథేన్ అను ప్లాస్టిక్ నురుగు బాల్సా స్థానము నాక్రమించెను. ఆ నురుగు ఘన మీటరునకు 40 మొదలు 50 కిలోల వరకే తూగును. పలక బలము చాలవరకు పైపొరలోనే యున్నది.

ఈ ఉపాయము మనకు క్రొత్తది కాదు. మన పొరుగున నిర్మల్ శిల్పులు మెత్తని పొనికి కొయ్యతో బొమ్మలు చెక్కి, రంపపు పొట్టు కలిపిన చింతగింజల ముద్దతో అతుకులు కూర్చి, పైన పూతలు పూసి రంగులు వేయుదురు. పొర చెడనంతవరకు బొమ్మ నిలుచును.

థర్మోకోల్ వంటి నురుగు మరింత తేలిక. సాధారణ పాలియెస్టరు రెసిను దానిని కరగించును. కావున ఎపాక్సీ రెసినుతో తొడుగు వేయుదురు. ఇది దెబ్బలకు బాగుగా ఓర్చును. అయినను బీట వారినచో లోపలికి నీరు చేరును. తీవ్రమైన యెండవేడికి పొర ఊడిపోవును. చిన్న బీటనైనను ఆరబెట్టి, వెంటనే పూడ్చవలెను.

మన్నికకు మరియొక ముఖము గలదు. విరిగిన కొయ్య మట్టిలో కలిసిపోవును. విరిగిన నురుగుపలక ఏండ్లతరబడి చెత్తగా మిగులును. అట్లని కొయ్యయు తరుగనిది కాదు. పొనికి చెట్లు నానాట అరుదగుటచే నిర్మల్ శిల్పులకు కొయ్య దొరకుట కష్టమైనది. కావున విద్యార్థులు ఏ వస్తువు నెన్నుకొన్నను, ఇది యెన్నాళ్లు పనిచేయునని మాత్రమే గాక, ఎచ్చటనుండి వచ్చెను, పనితీరిన పిమ్మట నేమగును అనియు విచారింపవలెను.