విజ్ఞానసర్వస్వమునకు నూతన లేఖకులు: అన్యోన్యాశ్రయ పరిహారము

విజ్ఞానసర్వస్వ రచన యొక్కరిద్దఱి వలన నగు కార్యము కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొని, కొన్ని సంపుటములు వెలువరించి, 1923లో దివంగతులైరి. పిమ్మట దానిని పునరుద్ధరింపఁ బూనిన కాశీనాథుని నాగేశ్వరరావుగారును 1938లో గతించిరి. గ్రంథ మసంపూర్ణముగనే మిగిలెను.

2003 డిసెంబరులో నారంభమైన తెలుగు వికీపీడియా భారమును పలువురకుఁ బంచు మార్గమును గైకొనెను. అందు వ్రాయుట కెల్లరు నర్హులే, వేతనము లేదు. అయినను దోషములు దిద్దుట, ఆధారములు పరిశీలించుట, యంత్రసంబంధమైన చిక్కులు విప్పుట మున్నగు పనులు నిత్యము చేయువారు కొలఁదిమందియే.

ఇచట నన్యోన్యాశ్రయ మను దోషము గలదు. క్రొత్తవారికి నేర్పుటకుఁ బాతవారికిఁ దీఱిక లేదు. క్రొత్తవారు నిలిచినఁగాని యా తీఱిక కలుగదు. తాను వ్రాసిన మొదటి వ్యాసము హేతువు తెలుపకయే తొలఁగింపఁబడినచో నూతనుఁడు మరల రాకపోవుట సహజము.

ఇట్టి చిక్కునకు వ్యాకరణశాస్త్రమున వరదరాజు మార్గము చూపెను. అష్టాధ్యాయి సూత్రము లించుమించుగా 4,000. వాని నన్నిటిని వివరించునది భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముది. ఆయన శిష్యుఁడగు వరదరాజు 1,270కిఁ బైచిలుకు సూత్రములను మాత్రము గ్రహించి లఘుకౌముదిని రచించెను. శాస్త్రమును దగ్గింపలేదు, గడపను మాత్రము తగ్గించెను.

విజ్ఞానసర్వస్వమునకును నట్టి లఘుమార్గము వలయును. హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంత మందులకుఁ దగిన క్షేత్రము. అశోక్‌నగరు శిక్షణాలయములకు వచ్చిన యువజనులు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకై తెలంగాణ చరిత్రను మథించుచుందురు. ఒక వ్యాసమందలి యొక్క తేదీని గ్రంథముతో సరిచూచి యాధారము చేర్చుట వారికి గడియసేపటి పని. మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల గల నారాయణగూడలో తెలుఁగు పండితులు పై తరగతులవారిచే వ్యాసములందలి యచ్చుతప్పులను, సంధిదోషములను దిద్దింపవచ్చును. అది వ్యాకరణపాఠమును నగును, భాషాసేవయు నగును.

ఈ పనులకు దీర్ఘబోధ మక్కఱలేదు. కావున నన్యోన్యాశ్రయ మిచ్చటఁ దెగును. పాతవారు పాటింపవలసిన నియమములు రెండు: ప్రతి నూతనునకు నొక పెద్ద యండగా నుండవలయును; ప్రతి దిద్దుబాటునకు హేతువు చెప్పవలయును. ఫలమును లెక్కించునపుడు తొలినాఁడు వచ్చినవారినిఁ గాక, యేఁడాదికిఁ బిదప నిలిచినవారిని లెక్కింపవలయును. వారిలో నొకరిద్దఱు మఱికొందఱకు నేర్పఁగలవారైనచో, లక్ష్మణరావుగారి నాఁడు పనికిఁ గలిగిన విఘ్నము మరల రాదు.